నూనె ఎక్కడికి పోతోంది?

కోవూరులో మా ఇంటి ముందు పికప్ నిలబెట్టే చోట నేల ఎప్పుడూ పొడిగానే ఉండేది. నాన్న అనుమానం అక్కడ మొదలైంది. ఇంజనాయిలు కారితే కింద మరక పడాలి గదా! మరక లేదు. అయినా డ్రైవరు పదిరోజులకోసారి వచ్చి, "పెద్దాయనా, గేజు కిందికి దిగిపోయింది, లీటరు పోయాల" అనేవాడు. లీటరు నాలుగొందలు. నాన్న ఇచ్చేవాడు. అతను వీధి మలుపు తిరిగాక నావైపు చూసేవాడు.

నాన్న ఎవర్నైనా నోరారా దొంగ అనగా నేను వినలేదు. "మొన్ననే గదబ్బా పోయించింది?" అని అడిగేవాడు, అంతే. ఆ అడగడంలోనే అంతా ఉండేది.

బండికి పనంతా రైసు మిల్లులతోనే. బియ్యం బస్తాలు పెన్న దాటించి నెల్లూరికి, తవుడు చేపల గుంటలకి, ఊక ఇటుక బట్టీలకి. సాయంత్రానికి బండీ, మనిషీ ఒకే రంగులో ఇంటికొచ్చేవాళ్లు.

పొగ తర్వాత మొదలైంది. బ్రిడ్జి మీద వెనక వచ్చే మోటారుసైకిళ్లవాళ్లు ముక్కు మూసుకునేదాకా వచ్చింది వ్యవహారం. నెల్లూరులో ఒక షెడ్డుకి తీసుకెళ్తే, బానెట్ ఎత్తకుండానే "రింగులు పోయినాయి, ఇంజను దించి బోరు చేయించాల" అన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం విన్నాక నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు డ్రైవరుతో, "నూనె వేళకి పోసుంటే రింగులెందుకు పోతాయబ్బా?" అన్నాడు. ఎనిమిదేళ్లు మా బండి నడిపిన మనిషి తాళం చెవి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. నేనక్కడే ఉన్నాను. ఫోను చూసుకుంటున్నాను.

ఇంజను దించేముందు ఇంకొకరికి చూపిద్దామని, మా ఊళ్లోనే ఉన్న ముసలి బాయి దగ్గరికి బండి తోలుకెళ్లాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "రాత్రికి ఈడ్నే ఉండనీ. పొద్దున్నే రా. నువ్వొచ్చేదాకా స్టార్ట్ చెయ్యను" అన్నాడు.

నల్ల పొగైతే డీజిలుకి తగ్గ గాలి అందడంలేదని, తెల్లగా ఆవిరిలా వచ్చి ఎంతకీ ఆగకపోతే రేడియేటరు నీళ్లు లోపలికి పోతున్నాయని, నీలమైతే నూనె కాలుతోందని నేనూ యూట్యూబులో చూసే వెళ్లాను. రంగు ఒక్కటే చాలదనీ, పొగ ఎప్పుడు వస్తోందో చూడాలనీ తెలీదు. రాత్రంతా నిలబడ్డ బండి స్టార్ట్ కాగానే ఒక్క దమ్ము వదిలి మానేస్తే వాల్వు సీళ్లు. రాత్రి చుక్కచుక్కగా దిగిన నూనె అది. బరువు లాగుతున్నంతసేపూ వస్తే రింగులు. మాది స్టార్టింగులో ఏమీ వదల్లేదు. బాయి పది నిమిషాలు ఊరికే ఆడనిచ్చి, ఒక్కసారి రేజ్ చేశాడు. షెడ్డంతా నీలంగా కమ్మేసింది. అందులో కాస్త నలుపు కూడా ఉందన్నాడాయన. నాకు కనిపించలేదు.

ఇంజను ఆడుతుండగానే ఆయిలు పోసే మూత విప్పి, ఆ బొక్క మీదే వదులుగా బోర్లించాడు. రింగులు బాగా అరిగితే కిందినుంచి గాలి తన్ని మూత ఎగిరిపడుతుందట. మాది సన్నగా వణికింది గానీ పడలేదు. తర్వాత ఇంజను ఆపి, టర్బో నుంచి ఇంటర్‌కూలరుకి పోయే హోసు పీకి లోపల వేలు పెట్టాడు. వేలి చివర్నుంచి నూనె కారింది.

"ఈడికి పోతా ఉండాది మీ నూనె. ఇంజనే తాగతా ఉంటే కింద మరకెట్టా పడుద్ది?"

ఆఖర్న ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పాడు. మడతల మధ్య తవుడూ ఊక దుమ్మూ అట్టగట్టి ఉన్నాయి. టర్బో నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది, అదీ పల్చటి నూనె పొర మీద. ముందునుంచి గాలి దొరక్కపోతే అది సీలు దాటించి నూనెనే పీల్చుకుంటుంది. బాయి దాని ఇరుసుని రెండు వేళ్లతో ఊపి చూపించాడు. కదలకూడనంత కదిలింది. ఇంకొన్నాళ్లు అట్లాగే తోలుంటే ఇంజను ఆ నూనె మీదే పరిగెత్తేదట. తాళం తీసినా ఆగదట. టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలి దాన్ని చంపాలట. యాభై బస్తాలతో బ్రిడ్జి మీద ఉన్న మనిషికి ఆ పాటి తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

"ఎన్నాళ్లాయ ఈ ఫిల్టరు మార్చి?" అన్నాడు బాయి.

నాకు తెలుసు. డ్రైవరు కనీసం మూడుసార్లు అడిగాడు. రెండుసార్లు నాన్న, "గాలి కొట్టించు, సరిపోద్ది" అన్నాడు. మూడోసారి ఆ మాట నేనే అన్నాను, మధ్యాహ్నం నిద్రలో ఉన్న నాన్నని లేపడం ఎందుకని.

టర్బో లోపలి భాగం మార్చి, పైపులు కడిగి, కొత్త ఫిల్టరు, కొత్త ఇంజనాయిలు వేస్తే షెడ్డువాళ్లు చెప్పినదాంట్లో మూడోవంతు కూడా కాలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే, బండి కదలకముందే, నాన్న గేజు పీకి తువ్వాలుతో తుడిచి మళ్లీ ముంచి చూసేవాడు. కొత్త డ్రైవరు పక్కన నిలబడి ఉన్నా సరే, తనే చూసేవాడు. నూనె పై గీత దగ్గరే ఉండేది. నెల గడిచింది. అక్కడే ఉంది.

ఒకరోజు గేజు తుడుస్తూ, నావైపు చూడకుండా, "ఆ అబ్బయ్య నెంబరు ఉందా నీ దగ్గర?" అన్నాడు. అతనప్పటికే అల్లూరులో రొయ్యల మేత బండి నడుపుతున్నాడు. నాన్నే చేశాడు. నాకు ఇటువైపు మాటలే వినపడ్డాయి.

"ఎట్టుండావబ్బా... పిల్లోళ్లు బాగుండారా... ఆఁ, బండి బాగానే ఉండాది... లేదు, పొయ్యడంలేదు. నెలయింది, చుక్క పొయ్యలేదు."

అవతలినుంచి చాలాసేపు ఏమీ రాలేదనుకుంటా. నాన్న ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, లైను ఉందో లేదో చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.