కారు వెనుక ఒకటిన్నర అంగుళం

మా అంబాసిడరు వెనుక కుంగిపోయిందని మొదట చెప్పినవాడు పెట్రోలు బంకులో కుర్రవాడు. "డిక్కీలో బియ్యం మూటలున్నాయా సార్?" అని అడిగాడు. డిక్కీలో స్టెప్నీ, జాకీ తప్ప మరేమీ లేవు. ఇంటికి వచ్చి దూరంగా నిలబడి చూద్దును గదా, వాడన్నది నిజమే. ముందు దీపాలు ఆకాశంకేసి చూస్తున్నాయి, వెనుక చక్రాలు సగం పైగా మడ్‌గార్డుల్లో దాక్కున్నాయి. పట్టాభిరామ్‌లో వేగనిరోధకాలకు కొదవ లేదు. ప్రతి గట్టు మీదా సైలెన్సరు గొట్టం గీసుకుని కీచుమనడం కొన్నాళ్ళుగా వింటూనే ఉన్నాము.

1979లో మా నాన్నగారు బుక్ చేసి, కాచుకుని కాచుకుని కొన్న కారది. బెంగాలులోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారయింది. ఆ కంపెనీవారే తరువాత 1998 నుంచి మన తిరువళ్ళూరులో మిత్సుబిషి లాన్సరు కార్లు చేశారు గాని, మా కారు మాత్రం దేశమంతా దాటి రావలసి వచ్చింది. ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. 2017లో ఆ పేరును కూడా ఫ్రాన్సు దేశపు పెజో వారికి 80 కోట్ల రూపాయలకు అమ్మేశారు. పేరు ఎవరిదైతేనేం, కారు మా గుమ్మంలోనే ఉంది.

ఐదుగురి కోసం చేసిన ఆ కారులో మేము తొమ్మిదిమందిమి తిరుపతి వెళ్ళేవాళ్ళం. పైన క్యారియరు మీద పరుపుల చుట్ట, డిక్కీలో పులిహోర గుండిగ, మరచెంబులు, పిల్లల తొట్టి. తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు దాటి రేణిగుంట చేరేసరికి ఎవరి కాలు ఎవరిదో తెలిసేది కాదు. ఇన్నేళ్ళ బరువంతా మోసినవి వెనుక ఉన్న కమాను పట్టీలు.

జట్కాబండి కింద చూసినవారికి యీ పట్టీలు కొత్తగావు. ఇరుసుకు రెండు పక్కలా విల్లులా వంచిన ఉక్కు పట్టీలు, ఒకదాని కింద ఒకటి, పొడుగుది మొదలు పొట్టిదాకా కట్టగా కట్టి ఉంటాయి. అన్నిటికంటె పొడుగు పట్టీకి రెండు కొసలా చుట్టలుంటాయి. ముందు చుట్టను కారు అడుగున ఒకచోట బిగిస్తారు. వెనుక చుట్ట షాకిల్ అనే చిన్న బద్దకు ఊయలలా వేలాడుతుంది. బరువు పడితే విల్లు చదునవుతుంది, చదునయ్యేకొద్దీ పొడుగు సాగుతుంది, ఆ పొడుగుకు చోటివ్వడానికే ఆ ఊయల. ఏళ్ళు గడిచాక ఉక్కు అలిసిపోయి, బరువు దింపినా పూర్వపు వంపుకు రాదు. కారు కుంగడమంటే అదే.

ఇలాంటి మరమ్మతులు వాయిదా వేయడంలో మా యింటివారిది అందెవేసిన చెయ్యి. ఈసారి వాయిదా వేయడానికి వీల్లేకపోవడానికి కారణం అమ్మ. అమ్మకు 84వ ఏడు. తిరుత్తణి పక్క పల్లెలో, అది చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్లో పుట్టింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది గాని, అమ్మ నోట "మా జిల్లా" అంటే నేటికీ చిత్తూరే. ఒక్కసారి తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామిని చూడాలని ఆమె కోరిక. కొండకున్న 365 మెట్లు ఆమె ఎక్కలేదు. పైదాకా కారుబాట ఉంది. అద్దెకారు పిలుస్తామంటే వద్దంది. "మీ నాన్న కారుంది గదా" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ మాట తరువాత మాట్లాడేది ఏముంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనల్లుడు అమెరికా నుంచి సెలవు మీద వచ్చాడు. డెట్రాయిటు దగ్గర ఉద్యోగం. పాత కార్లంటే ప్రాణం. సంగతి విని, "మామయ్యా, ఎలాగూ పట్టీలు దింపుతున్నారు గదా, మూడంగుళాలు లేపిద్దాం. ఖర్చు నాది" అన్నాడు. ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. 1960ల నాటి అమెరికా కారు, కుమ్మబోయే కోడెలా తల వంచి వెనుక లేపుకుని నిలుచుంది. మజిల్ కార్లంటారట వాటిని; కండలు తిరిగిన కార్లనుకోండి. 1964లో వచ్చిన పోంటియాక్ జి.టి.ఓ. ఆ వరసలో పేరుమోసినది. దాని ఇంజను 389 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 6.4 లీటర్లు, 325 అశ్వశక్తి. మా దాని ఇంజను లీటరున్నర, అశ్వశక్తి ఏభై చిల్లర. రెండింటికీ నాలుగేసి చక్రాలున్నాయి, నిజమే.

వాళ్ళు వెనుక ఎందుకు లేపుతారో అతను చక్కగానే చెప్పాడు. అంత బలం వెనుక చక్రాల మీద పడితే సన్న టైర్లు నేలను పట్టలేక జారతాయి. కనుక వెడల్పు టైర్లు వేస్తారు. అవి మడ్‌గార్డుకు రాసుకోకుండా చోటు కావాలి, అందుకని లేపుతారు. కొందరు పొడుగు షాకిళ్ళు వేస్తారు, కొందరు గాలి నింపే షాక్ అబ్జార్బర్లు పెడతారు. తరువాత తరువాత ఆ ఎత్తే ఒక అందమై కూర్చుంది; టైరు మారకపోయినా లేపడం మొదలుపెట్టారు. ఇక్కడికి వచ్చేసరికి నాకు సందేహం కలిగింది. మా టైర్లు కంపెనీవారిచ్చిన 5.90-15 కొలతవే. వాటికి చోటు కావాలని ఎవరూ అడగలేదు.

అయినా కుర్రవాడి ఉత్సాహం కొట్టిపారేయడం నా స్వభావం కాదు. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాం. అంబాసిడరు ముందు ఇరుసుకీ వెనుక ఇరుసుకీ మధ్య దూరం 97 అంగుళాలు. ఉన్న ఎత్తుకన్న వెనుక రెండంగుళాలు లేపితే కారంతా ఒక డిగ్రీకి కొంచెం పైగా ముందుకు వాలుతుంది. ఒక డిగ్రీయే గదా అనిపిస్తుంది. ఆ వాలుకు ముందు దీపం వెలుగు నూరడుగుల దూరంలో రెండడుగులు కిందికి దిగుతుంది. ముందు చక్రాలు తమంతట తాము తిన్నగా రావడానికి వాటి కీలకాన్ని కాస్త వెనక్కి వాల్చి పెడతారు. ఆ వాలు కూడా అంతమేరకు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. మూడంగుళాలైతే అన్నీ మరింత. కుంగిన కారుకు యిదంతా తిరగబడి ఉంటుంది. మా దీపాలు చెట్ల కొమ్మల్లో కాకుల్ని వెదకడానికి కారణం అదే.

ఎత్తే పద్ధతుల్లోనూ తేడాలున్నాయి. అన్నిటికన్న చవక పొడుగు షాకిల్. అది రెండంగుళాలు పెంచితే, ఇరుసు పట్టీ నడుమ ఉంటుంది కనుక కారు లేచేది ఒక్క అంగుళమే. పైగా పట్టీ వెనుక కొస దిగి ఇరుసు మూతి పైకి లేస్తుంది. ఇంజను నుంచి వచ్చే తిరుగుడు కడ్డీకి రెండు కొసలా ఉన్న కీళ్ళ కోణాలు సరిపోలక కారంతా గజగజలాడుతుంది. ఇరుసుకీ పట్టీకీ నడుమ ఇనుప దిమ్మ పెట్టడం మరో పద్ధతి. బ్రేకు వేసినప్పుడు ఆ దిమ్మ మీటలా పనిచేసి పట్టీని మెలిపెడుతుంది. గాలి షాక్ అబ్జార్బర్లు పెడితే, కుదుపు ఆపడానికి మాత్రమే చేసిన చిన్న బిగింపుల మీద కారు బరువు పడుతుంది. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారుచేసినవారిచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. కుంగినదాన్ని పూర్వపు ఎత్తుకు తెస్తే మరమ్మతు, దాన్ని దాటి పోతే మార్పు అని నా ఉద్దేశం. మేనల్లుడు ఈ ఉద్దేశంతో ఏకీభవించలేదు.

ఆవడి వైపు లారీలకు కమాను పట్టీలు కట్టే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. తమిళం కలిసిన తెలుగు మాట్లాడతాడు. కారు కింద దూరి చూసి, "ఒక పట్టీ చేర్చేద్దామా సార్?" అని అడిగి, మేము జవాబు చెప్పకముందే తనే, "చేరిస్తే బరువు మోస్తుంది, ఎవరు ఎక్కుతారు?" అన్నాడు. అమ్మ సంగతి చెప్పాను. "అయితే వద్దు. కారు గట్టిపడిపోతుంది. పెద్దామె నడుము ఓర్చుకోదు" అన్నాడు. పాత పట్టీలకే మళ్ళీ వంపు ఎక్కిద్దామని, ఎంత వంపో మమ్మల్ని నిర్ణయించుకుని రమ్మని పంపించాడు.

ఎంత వంపు? అప్పటికి మేనల్లుడు మూడు నుంచి రెండున్నరకు దిగాడు. నేను ఒకటి దగ్గరున్నాను. ఇద్దరం వాదించుకుంటుంటే మా ఆవిడ వచ్చి, "ఎక్కేది అత్తయ్య గదా, ఆమెను అడక్కుండా మీ యిద్దరి పంచాయతీ ఏమిటి?" అంది. అమ్మ కారెక్కే తీరు వేరు. మోకాళ్ళ నొప్పి మూలాన ముందు కాళ్ళు నేలమీదే ఉంచి, సీటు అంచున పక్కవాటుగా కూర్చుని, తరువాత ఒక్కొక్క కాలే చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. వెనుక సీటు నేలనుంచి ఎంత ఎత్తుందో కొలిచి, వరండాలో బల్ల మీద సరిగ్గా అంత ఎత్తుకు చెక్కలు పేర్చి అమ్మను కూర్చోమన్నాం. పాదాలు చక్కగా ఆనాయి. ఒక అంగుళం చేర్చాం, బాగానే ఉంది. ఒకటిన్నరకు మడమలు ఇంకా నేలమీదే ఉన్నాయి. రెండున్నర చేసేసరికి మడమలు లేచి వేళ్ళు మాత్రమే తగులుతున్నాయి. అమ్మ రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది గాని, "బాగానే ఉందిరా, ఎక్కుతాలే" అంది. మనవడి ముచ్చట కాదనడం ఆమెకు చేతకాదు. వాడు ఏమీ మాట్లాడకుండా వంగి పై చెక్కలు రెండూ తీసి పక్కన పెట్టాడు. ఒకటిన్నర ఖాయమయింది.

పట్టీలు విప్పితే మరో సంగతి బయటపడింది. కుడివైపు కట్టలో రెండో పట్టీ నడిమి బోల్టు చిల్ల దగ్గర పగిలి ఉంది. కుడిపక్క ముప్పాతిక అంగుళం ఎక్కువ కుంగడానికి కారణం డ్రైవరు బరువని అంతవరకూ అనుకున్నాం. దాని స్థానంలో కొత్త పట్టీ వేశారు. వంపు ఎక్కించడం చూడవలసిన పని. కొందరు చల్లటి పట్టీనే సుత్తితో కొట్టి వంచుతారు. త్వరగా తేలుతుంది, త్వరగానే కుంగుతుంది. మా మేస్త్రీ కొలిమిలో ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి, తిరిగి తగుమాత్రం వేడి చేశాడు. ఆ రెండో వేడి లేకపోతే ఉక్కు పెళుసెక్కి గాజులా విరుగుతుందట. మేనల్లుడు రెండు రోజులూ ఆ కొలిమి దగ్గరే కూర్చున్నాడు. డెట్రాయిటులో యిది చూడలేదని అతనే ఒప్పుకున్నాడు. చుట్టల్లోని రబ్బరు బుష్షులు కొత్తవి వేయించాం, దీపాలు మళ్ళీ సరిచూపించాం.

కొలత తీసేటప్పుడు చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచుకు తీయాలి సుమా. నేలనుంచి తీస్తే టైరులో గాలి హెచ్చుతగ్గులు కొలతను పాడుచేస్తాయి. ఖాళీ కారు పూర్వంకంటె ఎడమవైపు ఒకటిన్నర, కుడివైపు రెండుంబావు అంగుళాలు లేచి, రెండు పక్కలా సమానంగా నిలిచింది. చూడ్డానికి తోక కాస్త పైకే ఉంది. నలుగురం కూర్చుంటే గుమ్మం కింది అంచు ముందూ వెనుకా ఒక్క మట్టానికి వచ్చింది.

ఒక మంగళవారం తెల్లవారుజామున బయలుదేరాం. ఆడికృత్తిక రద్దీ కాదు గనుక దారి ఖాళీగానే ఉంది. తిరుత్తణి సుమారు 60 కిలోమీటర్లు. తిరువళ్ళూరు దాటేదాకా అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. తరువాత కిటికీ దించమని, పొలాలు చూస్తూ ఎవరెవరివో పేర్లు చెప్పింది. కొండబాట రెండో గేరులో ఎక్కాం. గొట్టం ఎక్కడా గీసుకోలేదు. పైన గుడి ముందు ఆమె పాదాలు రెండూ నేలమీద ఆనించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. దర్శనం తృప్తిగా జరిగింది.

తిరిగి వచ్చాక మళ్ళీ కొలిచాను. పావు అంగుళం దిగింది. కొత్త వంపు మొదట్లో అంతమాత్రం సర్దుకుంటుందట. అమెరికా చేరిన మేనల్లుడు ఫొటో పంపమంటే, అమ్మ లోపల కూర్చున్నప్పుడు తీసినది పంపాను. "ఎత్తిన జాడే లేదు మామయ్యా" అని జవాబిచ్చాడు. అయిదువందల కిలోమీటర్లు తిరిగాక ఇరుసు యూ బోల్టులు మరోసారి బిగించాలని మేస్త్రీ చెప్పాడు. ఇప్పటికి నాలుగువందల పది అయింది.