క్లచ్‌లో చేరిన గాలి

కారుకు గేరు పడకపోతే క్లచ్ ప్లేటు పోయిందనడం లోకరివాజు. మా హోసూరులో ఒక షెడ్డువారు మాకూ అదే చెప్పి, గేరుబాక్సు దింపవలెనన్నారు. వారడిగిన సొమ్ము గుమాస్తా జీతంలో సగానికి మించింది. అమ్మాయి కాలేజీ ఫీజుకు గడువు చూస్తే పది రోజులే వున్నది.

కాని ప్లేటు అరిగిన బండిలో గేరు పడుతుంది; ఇంజను ఎంత గోలపెట్టినా బండి మాత్రం తగినట్టు సాగదు. మా బండి తంతు వేరు. పెడల్ మెత్తగా అడుగంటా దిగిపోయేది. నాలుగైదు మార్లు వెంటవెంట తొక్కితే గట్టిపడి, అప్పుడు గేరు పడేది. ఇది గాలి చేష్టేనని మా వీధిలోని ముసలి లారీ మెకానిక్ ఒకరు చెప్పినారు.

పెడల్ తొక్కితే పై సిలిండరులోని ఆయిలు సన్నని గొట్టం గుండా పోయి, గేరుబాక్సు దగ్గరి చిన్న సిలిండరును తోస్తుంది. అది క్లచ్‌ను విడదీస్తుంది. ఆయిలు నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. మన కాలి బలమంతా ఆ బుడగను అణచడానికే సరి. కేబుల్ క్లచ్ బండ్లవారికి ఈ బెడద లేదు. వారి బెడదలు వారికున్నవి.

గాలి ఊరక చేరదు గదా! పెద్దాయన చిన్న సిలిండరు రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే లోపల తడి. ముందు సీలు మార్చి, తరువాతనే గాలి తీయడానికి పూనుకున్నారు.

అమ్మాయి పెడల్ మీద, పెద్దాయన బండి కింద, ఆయిలు పోయడం మా వంతు. నిపిలుకు తెల్ల ట్యూబు తగిలించి, దాని కొన సీసాలోని ఆయిలులో ముంచినారు. ఆయన తమిళంలో "అముక్కు" అంటే అమ్మాయి "తొక్కినాను తాతా" అనేది. అప్పుడు పానాతో నిపిలు కాస్త వదులుచేస్తే బుడగలు బుసబుసమని వచ్చేవి. నిపిలు బిగించి "విడు" అన్న తరువాతనే కాలు తీయవలె. ముందే తీస్తే బండి బైటి గాలిని మళ్లీ పీల్చుకుంటుంది. మూడవసారికే ఇద్దరికీ భాష కుదిరింది. ఇరవై సార్లకు గాని బుడగలు ఆగలేదు. ఈలోపల పై డబ్బా అడుగంటిందా, పడ్డ శ్రమంతా మొదటికే.

ఆ ఆయిలు బ్రేకులకు పోసేదే. మా బండి మూత మీద డాట్ 4 అని వున్నది. పడినచోట పెయింటును తినేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గనుక సీసాలోకి వచ్చింది మళ్లీ పోయరాదు. వుత్త జాకీ మీద నిలిపిన బండి కింద ఎవరూ దూరరాదు. పెద్దాయన స్టాండ్లు పెట్టి, బండిని కదిపి చూచిన తరువాతనే దూరినారు.

సీలుకూ ఆయిలుకూ కలిపి అయింది వెయ్యి రూపాయల లోపే. పెద్దాయన కూలి పుచ్చుకోలేదు, కాఫీ మాత్రం రెండుసార్లు తాగినారు. తరువాతి నెలంతా ప్రతి ఆదివారం డబ్బా గీత చూచినాము, దిగలేదు.