లష్కరు బాటలో కబురు విద్య

మేము కుకునూరుపల్లిలో బస్సెక్కి లష్కరునకు బయలుదేరితిమి. సిద్దిపేట నుండి హైదరాబాదునకు బోవు రాజీవు రహదారి మీద నీ గ్రామము కలదు. కొమురవెల్లి మల్లన్నకు మ్రొక్కు చెల్లించి మరలువారును, కూరగాయలు పట్టణమునకు గొనిపోవువారును మాకు తోడి ప్రయాణికులు. లష్కరనగా సైన్యము. 1806లో నిజాము సికందరు జా పేరిట సికిందరాబాదను పేరు వచ్చినను, జనుల నోట లష్కరను మాటయే నిలిచినది.

శామీరుపేట చెఱువు దాటిన పిమ్మట దారి స్వభావమే మాఱును. హకీంపేటలో వైమానిక దళపు విమానాశ్రయము, బొల్లారములో రాష్ట్రపతి నిలయము, అటుపిమ్మట తిరుమలగిరిలో పొడవైన ప్రహరీగోడలు, తుపాకులు పూనిన కావలివారు. అనుమతి లేనివారికి లోన ప్రవేశము లేదు. అయినను ఆ గోడల వెనుకటి విద్యను గూర్చి తెలిసినంత మా సోదరీమణులకు విన్నవింతుము.

ఇచ్చట సైన్యమునకు చెందిన ఎలక్ట్రానిక్సు, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల యున్నది. 1953లో పాఠశాలగా వెలసి, 1967లో కళాశాల యైనది. ఫిరంగులు, టాంకులు, రాడారులు, రేడియో యంత్రములు చెడినప్పుడు బాగుచేయు విద్య యిందు నేర్పుదురు. ఆ రేడియోలతో వార్త నడపు అధికారుల విద్యాలయము మాత్రము మధ్యప్రదేశములోని మహూ పట్టణమున గలదు. 1891లో డాక్టరు అంబేద్కరు జన్మించిన ఊరదియే. ఒక విద్యాలయము కబురును నడుపును, మఱియొకటి కబురు నడపు యంత్రమును కాపాడును. అవి రెండును అక్కచెల్లెండ్ర వంటివి.

పూర్వము సైన్యములో తంతివార్తల పని ఇంజనీరు దళముల వారే చూచెడివారు. 1911 ఫిబ్రవరి 15వ తేదీన ఫతేగఢులో కర్నల్ పావెల్ ఆధ్వర్యవమున ప్రత్యేక సిగ్నల్సు దళము ఏర్పడినది. 1946 అక్టోబరు 1న మహూలో ఆ దళమునకు పాఠశాల వెలసినది. 1948లో దానికి 'స్కూల్ ఆఫ్ సిగ్నల్సు' అనియు, 1967లో సైనిక టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగు కళాశాల యనియు పేర్లు మాఱినవి. తంతితో మొదలైన విద్య నేడు ఉపగ్రహముల వఱకు, కంప్యూటరుల వఱకు పెరిగినది.

కబురు మోయుటకు ఇంత చదువేల యని కొందఱడుగవచ్చును. పెండ్లినాడు పందిటి నుండి వంటయింటికి కబురు తప్పినచో ఎంత గందరగోళమగునో గృహిణులెఱుగుదురు. యుద్ధభూమిలో కబురు తప్పినచో అన్నము మాడుట కాదు, మన ఫిరంగిగుండు మనవారి మీదనే పడును. తీగ తెగినచో మఱియొక దారి సిద్ధముగా నుండవలెను. శత్రువు చెవియొగ్గి యుండును గనుక మాటను రహస్యలిపిలో దాచవలెను. ఇవియే ఆ అధికారి నేర్వవలసిన విద్యలు.

ఈ పనికి స్త్రీలు క్రొత్తవారు కారు. 1942లో ఏర్పడిన మహిళా సహాయక దళమున మన దేశపు వనితలు టెలిఫోను, వైర్‌లెస్సు పనులు నిర్వహించిరి. యుద్ధానంతరము ఆ దళము రద్దయినది. పిదప 1950 నాటి సైనిక చట్టము, ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిన శాఖలలో దప్ప, స్త్రీలకు ప్రవేశము లేదనెను. 1992 డిసెంబరు 31వ తేదీ ప్రకటనతో సిగ్నల్సు దళమును, తిరుమలగిరి కళాశాల వారి ఇంజనీరు దళమును ఒకే దినమున స్త్రీలకు ద్వారములు తెఱచినవి.

ద్వారము తెఱచినను గడువొకటి విధించిరి. మొదట అయిదేండ్లు, తరువాత పొడిగింపులతో పదునాలుగేండ్లకు మించి కొలువు లేదు. పింఛనునకు ఇరువదియేండ్లు కావలెను. నడివయసున, బిడ్డల చదువులు సాగుచుండగా, ఆమె వట్టిచేతులతో ఇంటికి రావలసినదే. 2020 ఫిబ్రవరి 17న సుప్రీముకోర్టు ఈ భేదము చెల్లదని తీర్పు చెప్పి, వారికి శాశ్వత కమీషను హక్కు నొసగెను. సిగ్నల్సు దళపు అధికారిణి సోఫియా ఖురేషి 2016లో పుణెలో బహుదేశ సైనికాభ్యాసమున మన పటాలమునకు నాయకత్వము వహించిన సంగతిని ఆ తీర్పు పేర్కొన్నది. 2025 మే నెలలో దేశమునకు యుద్ధవార్తలు వినిపించినదియు నామెయే.

కుకునూరుపల్లి వంటి ఊళ్లలో పదవ తరగతి ముగించిన బాలిక గణితమును, భౌతికశాస్త్రమును కోరుకొన్నప్పుడు "ఆడుపిల్లకు లెక్కలేల?" యను మాట తఱచు వినబడును. తల్లులారా, ఇంజనీరింగు పట్టము గొన్న అవివాహితకు షార్టు సర్వీసు కమీషను మార్గమున ఈ కొలువునకు పోటీపడు వీలున్నది. ఎంపికైనవారు అధికారుల అకాడమీలో శిక్షణ పొంది, పిమ్మట తమ దళముల విద్యాలయములకు బోవుదురు. ఏ మార్గము కోరవలెనో బిడ్డయే నిశ్చయించుకొనును. ఆ మార్గమొకటి యున్నదను కబురు ఆమెకు వేళకు అందజేయవలసినవారము మాత్రము మనమే.