బొమ్మకంటే ముందు రాయి చప్పుడు

ఉదయగిరి దుర్గం మీద చిన్న గేము చేద్దామనుకున్నాక, నేనూ బొమ్మలు వేసే మా చెల్లెలూ మొదటి రెండు నెలలు బొమ్మల్లోనే గడిపేశాం. మూడు వేల అడుగుల పైచిలుకు కొండ అది. పైన ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలని పాత గెజిటీరు లెక్క. బురుజులు, గుడి, మసీదు, ఏది వదలాలో తెలియక అన్నీ గీశాం. తీరా ఆత్మకూరులో మా మేడమీది గదిలో ఆడి చూస్తే, ఆ బురుజుల మధ్య ఒక మనిషి అటూ ఇటూ నడుస్తున్నాడు, అంతే. ఆడేవాళ్లకు చేయడానికి పని లేదు.

పని మాకు చరిత్రలోనే దొరికింది. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఈ కోటను తీసుకున్నది 1514లో. ముట్టడి ఏడాదిన్నర సాగిందని, పైకి ఒక్కొక్కరే వెళ్లగలిగే ఇరుకు దారి ఉంటే రాయలు పెద్ద పెద్ద గుండ్లు పగలగొట్టించి సైన్యానికి బాటలు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. రాజూ వద్దు, ఏనుగులూ వద్దు. సమ్మెట పట్టుకున్న ఒక మనిషి, ముందు ఒక గుండు. ఏది పగులుతుంది, ఏది పగలదు? దెబ్బలు లెక్కగా ఉంటాయి. గట్టిరాయి మీద వృథా చేస్తే దారి పడదు.

గీసిన బొమ్మలన్నీ పక్కన పెట్టేశాం. అంత కష్టపడి వేసినవి పక్కన పెడుతుంటే చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అందులో న్యాయముంది. తర్వాతి ప్రోటోటైప్‌లో కొండ అంటే బూడిదరంగు చతురస్రాలు, మనిషి అంటే ఒక పసుపు దీర్ఘచతురస్రం. ఏ రాయి పగులుతుందో దెబ్బ చప్పుడే చెప్పాలి. బొమ్మ లేకపోయినా ఆట సాగింది. శబ్దం తీసేస్తే మాత్రం సాగలేదు. మామూలుగా శబ్దాలు చివరి వారంలో అతికిస్తారు; మా గేములో ఆ వరస తిరగబడాలని అప్పుడే అర్థమైంది.

కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలితో కొట్టి చూసేది. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. రాయికీ అదే పరీక్ష. ఉదయగిరి దారిలో రాళ్లు కొట్టే ఒక పెద్దాయన దగ్గరికి ఫోను పట్టుకెళ్లాం. ఆయన రాయి మీద సుత్తితో నెమ్మదిగా తట్టి, "ఇను అబ్బయ్యా, ఇది పలకతా ఉంది. దీని జోలికి పోబాక" అని, పక్కదాన్ని తట్టి, "ఇది మూగది. నాలుగు దెబ్బలకి ఇచ్చుకుంటది" అన్నాడు. గాలి హోరుకు మొదటి రోజు రికార్డింగులన్నీ పాడయ్యాయి. రెండోసారి తెల్లారకముందే వెళ్లి, మైకుకు దూది చుట్టి, ఒక్కో రాయికి నాలుగేసి దెబ్బలు తీసుకున్నాం. ఒకే శబ్దం వందసార్లు వస్తే చెవి విసుగెత్తుతుంది కాబట్టి మార్చి మార్చి వినిపించాలి. సాధారణంగా స్వరస్థాయిని కూడా కొంచెం పైకీ కిందికీ జరుపుతారు. ఇక్కడ ఆ స్థాయే ఆటగాడికి సమాచారం. ఎక్కువ జరిపితే అబద్ధం చెప్పినట్టే.

అసలు ఇబ్బంది ఫోను స్పీకరుతో వచ్చింది. మూగరాయి బరువంతా మంద్రంలో ఉంటుంది, చిన్న స్పీకరు ఆ మంద్రాన్ని పలికించలేదు. కంప్యూటరులో తేడా తెలిసిన రెండు రాళ్లూ ఫోనులో ఒకేలా టక్కుమన్నాయి. అందుకని తేడాను స్థాయిలో కాక నిడివిలో పెట్టాం: గట్టిరాయి మోగుతూ ఉండాలి, మూగరాయి తుంచేసినట్టు ఆగాలి. గట్టిరాయి మోతను నేను కొంచెం సాగదీశాను కూడా. బస్సులో ఆడేవాళ్లకూ, వినపడనివాళ్లకూ ఆట అందాలి కదా. అందుకే మూగరాయిని కొడితే బీట వెంబడి సన్నగా దుమ్ము రాలేలా చెల్లెలు గీసింది.

అప్పుడుగానీ బొమ్మల పట్టిక రాసుకోలేదు. తెర 640కి 360 చుక్కలు. మూడింతలు చేస్తే సరిగ్గా 1920కి 1080, అంచులు చెదరవు. గడి 32 చుక్కలు. కొండ మీద పొద్దుట తీసిన ఫొటోలోంచి 12 రంగులు. మనిషి తలపాగా పసుపు ఇంకెక్కడా వాడకూడదని నియమం. కళ్లు సగం మూసి చూసినా అతను ఎక్కడున్నాడో తెలియాలి. సమ్మెట దెబ్బకు నాలుగే బొమ్మలు, ఎత్తి పట్టుకున్న బొమ్మ దగ్గర కాస్త ఎక్కువ ఆగుతుంది, తగిలిన బొమ్మతోపాటే శబ్దం. గుడి, మసీదు, బురుజులు ఇప్పుడు దూరంగా నల్లని నీడలు.

మొన్న ఫోను ఆ పెద్దాయన చేతికిచ్చాను. తెర చూడకుండా చెవికి ఆనించుకుని వేలితో కొట్టాడు. మూగరాయికి తలూపాడు. గట్టిరాయి దగ్గర ముఖం చిట్లించి, "ఇంత సేపు మోగదబ్బయ్యా. ఇది గుళ్లో గంట" అన్నాడు.

ఆ రాత్రే నేను సాగదీసిన ముక్కను కోసేశాను. దానికి బదులు మూగరాయి శబ్దాన్ని ఇంకా పొట్టి చేశాను.