కీలు

తెలుగులో కొన్ని పదాలు చూడడానికి చిన్నవి. అవి మోసే బరువు మాత్రం పెద్దది. 'కీలు' అటువంటి పదం. మోకాలిలో ఉన్నదీ కీలే, తలుపును ద్వారబంధానికి కలిపి ఉంచేదీ కీలే. ఆడించేవాని వేళ్లకు లోబడి ఆడే బొమ్మ కీలుబొమ్మ. మర తిప్పగానే ఆకాశానికి ఎగిరే జానపద కథలలోని గుర్రం కీలుగుర్రం. 1949లో ఆ పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రం వచ్చింది. సంస్కృతంలో 'కీలము' అంటే మేకు, చీల. ఆ కుటుంబానికే చెందిన 'కీలకం' అనే మాటను వార్తాపత్రికలు రోజుకు పదిసార్లు వాడుతున్నాయి. కీలక నిర్ణయమనీ కీలక సమావేశమనీ రాసేటప్పుడు ఆ మాట వెనుక ఒక చిన్న ఇనుప చీల దాగి ఉన్నదని ఎవరికీ స్ఫురించదు.

ఆ చీలను దాని మొదటి అర్థంలోనే చూడదలచినవారికి అమెరికా పల్లెలలో తిరిగే పాత పికప్ ట్రక్కు మంచి ఉదాహరణ. ముందుభాగంలో ఇద్దరు ముగ్గురు కూర్చొనే చిన్న గది, వెనుక పైకప్పు లేని సరుకుల తొట్టె: ఇదే పికప్ స్వరూపం. ఫోర్డ్ సంస్థ తన సుప్రసిద్ధమైన మోడల్ టి వాహనానికి ఇటువంటి తొట్టెను కర్మాగారంలోనే బిగించి 1925లో విక్రయించడం ప్రారంభించింది. నాటి నుండి ఆ దేశపు సేద్యగాడికి అది ఎడ్లబండి స్థానంలో నిలిచింది. పశుగ్రాసం, కంచె గుంజలు, విత్తనాల బస్తాలు, అప్పుడప్పుడు జబ్బుపడిన లేగదూడ, అన్నీ అందులోనే ప్రయాణిస్తాయి. అమెరికా రోడ్ల మీద తిరిగే వాహనాల సగటు వయసు నేడు పన్నెండేళ్లు దాటింది. పికప్‌ల విషయంలో ముప్పై నలభై ఏళ్ల వయసు కూడా వింతేమీ కాదు. షెవర్లె సంస్థ 1973 నుండి 1987 వరకు తయారు చేసిన బండ్లను, 1988లో వాటి స్థానంలో వచ్చిన బండ్లను నేటికీ పనిలో పెట్టుకొన్నవారు ఉన్నారు.

అటువంటి బండికి ఇంజను బాగానే ఉండవచ్చు, చక్రాలు బాగానే తిరగవచ్చు. వృద్ధాప్యం మొదట తలుపు దగ్గర తొంగిచూస్తుంది. తెరవగానే తలుపు ఒక వేలి మందం కిందికి జారుతుంది. మూయబోతే గొళ్లెం తన స్థానంలో పడక, స్తంభానికి బిగించిన స్ట్రైకర్ అనే ఇనుప కడ్డీ కింది భాగానికి తగిలి 'ఠంగు'మంటుంది. యజమాని తలుపును వెనుక అంచు దగ్గర పట్టి, పసిబిడ్డను చంకకెత్తుకొన్నట్లు పైకెత్తి మూయడం అలవాటు చేసుకొంటాడు. కొన్ని నెలలకు ఆ అలవాటు కూడా ఫలించదు. విసిరి కొట్టక తప్పదు. తలుపు వెనుక మూల రాసుకొని కింద రంగు లేచిపోతుంది. వేగంగా పోయేటప్పుడు పై సందులో గాలి ఈల వేస్తుంది. వానకాలంలో ఆసనం తడుస్తుంది. తలుపు పూర్తిగా మూతపడలేదని బండి భావించి లోపలి దీపాన్ని ఆర్పదు. తెల్లవారేసరికి బ్యాటరీ నిర్జీవంగా పడి ఉంటుంది. బ్యాటరీ చెడిపోయిందని కొత్తది కొనుక్కొని, నెల తిరగకుండానే మళ్లీ తలపట్టుకొనేవారు కూడా ఉంటారు.

ఇంత ఉపద్రవానికి మూలం చిటికెన వేలంత పిన్ను, దాని చుట్టూ ఉంగరంలా అమరిన బుష్షు. తలుపు ఒక్కొక్కదానికి రెండు మడతబందులు. ఒక్కొక్క మడతబందుకు సాధారణంగా రెండు బుష్షులు, పైన ఒకటి, కింద ఒకటి. పిన్ను గట్టి ఉక్కు. బుష్షు దానికన్న మెత్తనైన కంచు. రెండూ రాసుకొన్నప్పుడు మెత్తనిది అరగాలి, గట్టిది మిగలాలి అని ఉద్దేశపూర్వకంగానే అలా చేస్తారు. బుష్షు అరగడానికే పుట్టిన భాగం. దాని ఆయువు తీరిన సంగతి గమనించి మార్చినంతకాలం తలుపుకు ముప్పు లేదు. గమనించకపోతే కంచు మొత్తం పొడియై రాలిపోతుంది. అప్పుడు ఉక్కు ఉక్కును తినడం మొదలవుతుంది. గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది.

భౌతికశాస్త్ర పాఠంలోని తులాదండ సూత్రం ఇక్కడ బాగా పనికివస్తుంది. రెండు మడతబందుల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, తలుపు పొడవు 110 సెంటీమీటర్లు అనుకొందాం. పై బుష్షులో అరుగుదల ఒక్క మిల్లీమీటరే అయినా, తలుపు వెనుక అంచు దాదాపు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఇక బరువు మాట. తలుపు 40 కిలోలు, దాని గురుత్వకేంద్రం కీలు నుండి అరమీటరు దూరంలో ఉన్నది అనుకొంటే, పై కీలును బయటికి లాగే బలం 50 కిలోల బరువుకు సమానం. అంతే బలంతో కింది కీలు స్తంభంలోకి నొక్కుకొంటుంది. తెరిచిన తలుపు అంచు మీద ఒక మనిషి చేయి ఆనించి 30 కిలోల భారం మోపాడనుకొందాం. ఆ భారం మీటరు దూరం నుండి పనిచేస్తుంది కనుక పై కీలు మీద మరో 75 కిలోలు చేరుతుంది. మొత్తం 125. చేయి ఆనించినవాడికి తాను అంత పని చేశానని తెలియదు.

చేయి ఆనించేది ఎవరు? దాదాపు ఎప్పుడూ డ్రైవరే. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చొంటాడు. కనుక ఎడమ తలుపే ముందు వాలుతుంది. పికప్ నేల నుండి ఎత్తుగా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఒక్క అంగలో ఎక్కి కూర్చొన్న మనిషే, మోకాళ్లు పట్టుతప్పిన తరువాత తెరిచిన తలుపును ఊతకర్రగా పట్టుకొని ఎక్కుతాడు, దిగేటప్పుడు దాని మీదనే వాలుతాడు. మనిషి కీళ్ల నొప్పిని బండి కీళ్లు పంచుకొంటాయి. తలుపు వాలిన తీరు చూసి ఆ ఇంటి పెద్దకు ఎంత వయసు వచ్చిందో అంచనా వేయవచ్చునేమో.

'కీలెరిగి వాత పెట్టాలి' అని మన పెద్దల మాట. వాతరోగాలకు కాల్చిన చువ్వతో చికిత్స చేసిన కాలంలో పుట్టిన సామెత అది. నేడు ఆ వైద్యాన్ని ఎవరూ మెచ్చరు, మెచ్చనవసరమూ లేదు. సామెతలోని వివేకం మాత్రం ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది. సుత్తి పట్టకముందు రోగం ఎక్కడున్నదో తెలుసుకోవాలి. తలుపును సగం తెరిచి, వెనుక అంచును రెండు చేతులా మెల్లగా పైకెత్తి దించుతూ ఉండగా, మరొకరు మడతబందుల వద్ద కన్ను వేసి చూడాలి. పిన్ను బుష్షులో అటూ ఇటూ కదిలితే అరుగుదల. పిన్ను స్థిరంగా ఉండి మడతబందు రేకే స్తంభం మీద కదిలితే బోల్టులు వదులయ్యాయి. పానాతో బిగిస్తే సరిపోతుంది. రెండూ కదలక స్తంభపు రేకు ఊపిరి పీల్చినట్లు ఉబ్బి తగ్గితే మాత్రం విషయం గంభీరమైనది. తుప్పు తిన్నదో, పగులు వారిందో అయి ఉంటుంది. దానికి కొత్త పిన్నులు చాలవు, వెల్డింగ్ అవసరం. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను చేయకుండానే సామాన్లు కొనడానికి పరుగెత్తేవారు ఎక్కువ.

పరుగెత్తనివారు మరొక సులువైన దారి వెదుకుతారు. తలుపు కిందికి జారింది కదా, స్ట్రైకర్‌ను కూడా కొంచెం కిందికి దించి బిగిస్తే గొళ్లెం చక్కగా పడుతుంది కదా అని వారి ఆలోచన. నిజమే, ఆ రోజుకు తలుపు మూతపడుతుంది. కానీ అరిగిన కీలు అరుగుతూనే ఉంటుంది; ఆరునెలలకు స్ట్రైకర్ దిగడానికి చోటు మిగలదు. కొందరు మడతబందు సందులో కర్రముక్క పెట్టి తలుపును బలవంతంగా మూసి రేకును వంచుతారు. సరైన కీళ్లున్న తలుపును రవ్వంత సవరించడానికి అనుభవజ్ఞుడైన పనివాడు చేసే పని అది. అరిగిన కీలు మీద దానిని ప్రయోగించడం మొరటుతనం.

ఇందులో బండి అందం కన్న పెద్ద విషయం ఒకటి ఉన్నది. ప్రమాదం జరిగినప్పుడు మనిషిని వాహనం లోపల నిలిపి ఉంచేవి సీటు బెల్టు, తలుపు. తెరుచుకొన్న తలుపు గుండా బయటికి విసిరివేయబడడం ప్రాణాంతకం. అందుకే అమెరికా సమాఖ్య ప్రభుత్వ వాహన భద్రతా ప్రమాణాలలో 206వది ప్రత్యేకంగా తలుపు గొళ్లేలకు, మడతబందులకు సంబంధించినది. సగం మాత్రమే పట్టిన గొళ్లెంతో, పక్క ఆసనంలో బడికి వెళ్లే పిల్లను కూర్చోబెట్టుకొని పోయే తండ్రి తలుపును లెక్కచేయకపోవడం సాహసం కాదు, ఉపేక్ష.

మరమ్మతుకు ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కడే చేయగలనని పంతం పట్టినవాడి తలుపు సాధారణంగా నేల మీదనో, అతని పాదం మీదనో పడుతుంది. ముందుగా తలుపును తెరిచి, దాని కింద జాకీ పెట్టి, జాకీ మీద చెక్కపలక, పలక మీద పాత గుడ్డ వేసి, బరువు జాకీ మీదికి వచ్చేవరకే ఎత్తాలి. అంతకన్న ఎత్తితే పిన్ను మరోవైపు బిగుసుకొంటుంది. అద్దాన్ని చేతితో తిప్పి దించే పాత బండ్లలో తలుపులోకి తీగలు సాధారణంగా ఉండవు. మోటారుతో అద్దం కదిలే బండ్లలో మొదట బ్యాటరీ తీగ విప్పి, తరువాత తలుపు తీగలను విడదీయాలి. కొన్ని నమూనాలలో తలుపు సగంలో ఆగి నిలవడానికి ఒక మడతబందులో బలమైన స్ప్రింగు అమర్చి ఉంటుంది. అది నొక్కుకొని ఉన్న పాము వంటిది. దానిని స్క్రూడ్రైవరుతో పెకలించబోయి కళ్లు పోగొట్టుకోకూడదు. స్ప్రింగును అదిమి పట్టే పరికరం విడిగా దొరుకుతుంది. కళ్లద్దాలు పెట్టుకొని, పైన గుడ్డ కప్పి, ఆ పరికరంతోనే తీయాలి.

తరువాతి పని సుత్తిది. మడతబందు సందుల్లో చొచ్చుకొనిపోయే నూనె చల్లి కొంతసేపు వదిలిపెట్టాలి. పిన్ను చివర క్లిప్పు ఉంటే తీసివేసి, పంచ్ ఆనించి మెల్లగా కొట్టాలి. ఏళ్లతరబడి కూర్చొన్న పిన్ను మొదటి దెబ్బకు లేవదు. కోపం వచ్చి గట్టిగా కొడితే దాని చివర పుట్టగొడుగులా విచ్చుకొని ఇక అసలే రాదు. కింది పిన్ను మొదట, పై పిన్ను తరువాత. అప్పటివరకు తలుపు పట్టుకొన్నవాడు కబుర్లు చెప్పవచ్చు. పై పిన్ను వదులయ్యే క్షణంలో మాత్రం ఇద్దరి ధ్యాసా తలుపు మీదనే ఉండాలి.

బయటికి వచ్చిన పిన్నును వేలితో తడిమితే ఒక పక్క లోతుగా గాడి తగులుతుంది. బావి ఒరల మీద చేంతాడు కోసిన గాడి వంటిది. పాత బుష్షు ముక్కలను తట్టి తీసి, రంధ్రాలను శుభ్రం చేసి, కొత్త బుష్షులను ఒత్తిడితో లోపలికి దింపాలి. సుత్తితో నేరుగా బాదితే కంచు అంచు చిట్లుతుంది. కాబట్టి మధ్యలో ఒక చెక్కముక్క ఉంచడమో, పెద్ద పట్టకారు వంటి బిగింపు సాధనం వాడడమో మంచిది. రంధ్రం గుండ్రంగా ఉంటే కొత్త బుష్షు బిగుతుగా కూర్చొంటుంది. కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతే దొర్లుతుంది. అప్పుడు రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, బయటి వ్యాసం పెద్దదైన బుష్షు వేయాలి. లేదా వెల్డింగుతో పూడ్చి తిరిగి తొలవాలి.

పెద్ద కొలత బుష్షు దుకాణంలో దొరకనప్పుడు ఏమి చేయాలో విజయవాడ ఆటోనగర్‌లోని పనివారిని అడిగితే వారు నవ్వుతారు. అక్కడ లేతు మిషను ముందు నిలుచున్న మనిషి పాత పిన్నును, రంధ్రాన్ని కాలిపర్స్‌తో కొలిచి, గన్‌మెటల్ కడ్డీ నుండి ఒక కొత్త బుష్షును తోలి చేతిలో పెడతాడు. సంస్థ ఆ బండి తయారీ మానివేసి ఎన్నేళ్లయిందన్న ప్రశ్న అతనికి పుట్టదు. టింకరింగ్, లేతు, వెల్డింగ్ పనులు పక్కపక్కనే దొరికే చోట బండికి ముసలితనం ఆలస్యంగా వస్తుంది. అమెరికాలో కూలి ఖరీదెక్కువ, విడిభాగం చౌక. పిన్నుల, బుష్షుల పెట్టె కొద్ది డాలర్లకే దొరుకుతుంది. దానిని బిగించే గంటల కూలి దానికి ఎన్నో రెట్లు. అందుకే అక్కడ యజమాని తానే ఆదివారం పూట చొక్కా చేతులు మడిచి పనికి దిగుతాడు. ఆ తీరిక లేనివాడు, పనివాడిని పిలవలేనివాడు, ఇంకా పదేళ్లు నడవగల బండిని తుక్కు కింద అమ్మివేస్తాడు.

తలుపును తిరిగి ఎక్కించేటప్పుడు ముందు పై పిన్ను, తరువాత కింది పిన్ను. పిన్నులకు పలుచగా గ్రీజు పూయాలి. దట్టంగా పూస్తే దుమ్ము పట్టి ఆకురాయిలా మారుతుంది. జాకీని దించి, తలుపును విసరకుండా చేతితో నడిపిస్తూ గొళ్లెం వరకు తేవాలి. చుట్టూ సందు ఒకే వెడల్పున ఉన్నదో లేదో చూడాలి. స్ట్రైకర్‌ను ఇంతకుముందు ఎవరైనా కిందికి దించి ఉంటే, ఇప్పుడు నిటారుగా నిలిచిన తలుపు దాని పై భాగానికి తగులుతుంది. దానిని మొదటి గుర్తు దగ్గరికి జరిపి బిగించాలి. అన్ని సవరింపులలో చివర చేయవలసినది ఇదే. మొదట చేసినవారు రెండుసార్లు చేస్తారు.

సరిగా కుదిరిన తలుపు చేతితో నెడితే 'టక్కు'మని ఒకే శబ్దంతో మూతపడుతుంది. లోపలి దీపం ఆరిపోతుంది. కుడి తలుపును కూడా అదే పూట విప్పవలెనా అన్నది మిగిలిన ప్రశ్న. పైకెత్తి చూసినప్పుడు పిన్ను కదలకపోతే దాని జోలికి పోనవసరం లేదు. పెట్టెలో మిగిలిన రెండు పిన్నులను, నాలుగు బుష్షులను నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోవచ్చు.