ఎక్కడిదాంక వచ్చి ఆగుతుంది?

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీపీయూ డబ్బాను పసిపిల్లలా ఎత్తుకుని నడిచేవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, మెట్ల దగ్గర నాలాంటివాళ్లు ఇంకా ఇద్దరు కనిపించారు. మా వీధి చివర షాపతను అప్పటికే రెండు నిమిషాల్లో రెండు తీర్పులిచ్చేశాడు: గ్రాఫిక్స్ కార్డు పోయింది, లినక్స్ తీసేసి విండోస్ వేసుకోండి. కార్డే పోతే విండోస్ దేనిమీద కనిపిస్తుందని అడగడం నాకు అప్పుడు తట్టలేదు.

నేను వెళ్లింది రెండు బీరువాలంత వెడల్పున్న షాపు. స్క్రూలన్నీ హార్లిక్స్ మూతల్లో ఉన్నాయి. యజమానికి నలభై దాటి ఉంటాయి, పని నేర్చుకునే కుర్రాడు ఆయన్ని "అన్నా" అంటున్నాడు.

"తెర నల్లగా ఉంటోందండీ" అన్నాను.

"ఎక్కడిదాంక వచ్చి ఆగుతుంది సార్?"

నా దగ్గర జవాబు లేదు. నలుపంటే నలుపే అనుకున్నాను. ఆయన డబ్బా విప్పలేదు. కరెంటిచ్చి చెవి పెట్టాడు. ఒక్క చిన్న బీప్. మదర్‌బోర్డు లోగో వచ్చింది, పోయింది. ఎడమ మూలన చిన్న గీత ఒకటి మిణుకుమంటూ ఉండిపోయింది.

"లోగో చూపెట్టింది గద సార్. కార్డు మంచిగనే ఉంది. లోపల కెర్నెల్ దగ్గర ఆగింది."

కార్డుదే తప్పయితే ఎలా ఉంటుందో పక్క బల్ల మీదే కనిపించింది. కుర్రాడు ఆన్ చేసిన పాత మెషీన్ ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేసింది. అతను కార్డు పీకి, అడుగున బంగారు రంగు చారలను పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దాడు. రబ్బరు పొడి నల్లగా రాలింది. ఉఫ్ మని ఊది మళ్లీ గుచ్చితే ఒక్కటే బీప్. వైద్యమంతా ఐదు రూపాయల రబ్బరుతో అయిపోయింది.

నాది రబ్బరుతో పోయే జబ్బు కాదు. మళ్లీ ఆన్ చేసి, లోగో పోగానే ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ మెనూ వచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెళ్లు రెండున్నాయి, పాతదీ కొత్తదీ. పాతది ఎంచగానే నా డెస్క్‌టాప్, దాని మీద మా అమ్మాయి ఫొటో, ఏమీ జరగనట్టు వచ్చేశాయి. తర్వాత టెర్మినల్ తెరిచి డీకేఎంఎస్ స్టేటస్ అడిగాడు. పాత కెర్నెల్ పేరుతో ఒక వరుస ఉంది. కొత్తదానికి లేదు.

నా కార్డు ఎన్విడియాది. ఆ కంపెనీ డ్రైవర్ ఏ కెర్నెల్‌కు ఆ కెర్నెల్‌కే విడిగా కుట్టించుకోవాల్సిన చొక్కా. కుట్టే దర్జీ డీకేఎంఎస్, కొలతలు హెడర్స్ ప్యాకేజీలో ఉంటాయి. అప్‌డేట్‌తో కొత్త కెర్నెల్ వచ్చింది, కొలతలు రాలేదు. నెల కిందట డిస్క్ నిండిందని నేను తీసేసినవాటిలో హెడర్స్ కూడా ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసిపోయినట్టు నవ్వాడు.

మరి కెర్నెల్‌తోనే వచ్చే నూవో డ్రైవర్ ఏమైనట్టు? 2010లో కెర్నెల్‌లో చేరిన ఈ డ్రైవర్‌ను, ఎన్విడియా వివరాలివ్వకపోతే కార్డుల నడతను గమనించి గమనించి ఔత్సాహికులు రాసుకున్నారు. ఆ కంపెనీ తీరుకు విసిగి 2012లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో సభాముఖంగా మధ్యవేలు చూపించాడు. కంపెనీ 2022 మేలో కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టింది గానీ, అది ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. నా జీటీ 710కి అందులో వాటా లేదు. పైగా కంపెనీ డ్రైవర్ దిగేటప్పుడే నూవోను లోపలికి రానివ్వకుండా బ్లాక్‌లిస్టులో పెడుతుంది. ఆయన రాకపోయె, ఈయన్ని రానివ్వకపోయె. నా మెషీన్ రెంటికీ చెడ్డ రేవడి అయింది.

హెడర్స్ దిగుతుండగా ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కొత్త లాప్‌టాప్‌తో వచ్చింది. ఉబుంటు పెన్‌డ్రైవ్ పెడితే మెనూ దాటగానే నలుపట. "అయితే నోమోడ్‌సెట్ అమ్మా" అని, గ్రబ్‌లో ఇంగ్లిష్ 'ఈ' (e) మీట నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఆ ఒక్క మాట చేర్చి ఎఫ్10 కొట్టాడు. గ్రాఫిక్స్ జోలికి ఇప్పుడే వెళ్లకు, ఉన్న తెరతో సర్దుకో అని కెర్నెల్‌కు చెప్పడమన్నమాట. ఇన్‌స్టాలర్ వచ్చింది. "ఇది చేతికర్రే. డ్రైవర్ వేసుకున్నంక తీసేయాలె. సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ పెట్టమంటది, పెట్టి మర్చిపోకు. మళ్ల ఆన్ చేసినప్పుడు నీలం తెర మీద అదే అడుగుతది. కంగారుపడి కంటిన్యూ కొడితే డ్రైవర్‌ను లోపలికి రానియ్యదు." ఆ అమ్మాయి పాస్‌వర్డ్‌ను చేతి మీద రాసుకుంది.

నా మెషీన్ కొత్త కెర్నెల్‌తో లేచింది. డబ్బులిస్తుంటే ఆయన మార్కర్ తీసి డబ్బా పక్కన 470 అని రాశాడు.

"ఈ కార్డుకు గీ డ్రైవర్ వరుసే ఆఖరు సార్. ఎప్పుడో ఒకసారి కొత్త కెర్నెల్‌తోని కుదరదు. అప్పుడు హెడర్స్ ఉన్నా కుట్టనీకి రాదు. నూవోకు పోతరా, కార్డు మారుస్తరా, ఇప్పటికెల్లి ఆలోచన చేసి పెట్టుకోండ్రి."