కారు అమ్మమన్నాను, టైర్లు కొన్నాం

పోయిన కూటంలో ఇద్దరు ముగ్గురు అడిగారు, "కెనడాలో ఆరు నెలలు ఉండి వచ్చారే, ఏం చూశారు?" అని. చూసినవి చాలా ఉన్నాయి. అందరికీ పనికొచ్చే సంగతి ఒకటే చెబుతాను. అది కారు టైర్ల సంగతి. మన పిల్లలు చాలామంది చలిదేశాల్లో ఉన్నారు కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మా పాప ఉండేది ఆటవాలో. మొదటి రెండు చలికాలాలు బస్సులోనే తిరిగింది. డబ్బు కూడబెట్టి, మూడో ఏడు మే నెలలో ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు. ఫోనులో ఫోటో చూసినప్పుడే నాకు నచ్చలేదు. "వెనక సీటులో బియ్యం మూట కూడా పట్టదు" అన్నాను. "బియ్యం మొయ్యడానికి కొనలేదు నైనా" అంది.

నేనూ మా ఆవిడా అక్టోబరు చివర అక్కడ దిగాం. నవంబరు మధ్యలో ఒక పొద్దున కూరగాయలకని నన్ను కారులో తీసుకెళ్ళింది. చలి సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. మంచు పడలేదు, రోడ్డు పొడిగానే కనిపిస్తోంది. ఎర్ర లైటు చూసి బ్రేకు తొక్కింది. కాలి కింద పెడలు గడగడలాడింది గాని కారు ఆగలేదు. మెల్లగా, చప్పుడు లేకుండా, గీత దాటి ఒక కారు పొడవు ముందుకు జారింది. దాటబోతున్న ఒక ముసలాయన వేసిన అడుగు వెనక్కి తీసుకుని మమ్మల్నే చూశాడు. నా వయసే ఉంటుంది.

ఇంటికొచ్చాక నేను అరిచాను. "ఆ కారు అమ్మెయ్. మనలాంటి వాళ్ళకు ఇలాంటివి ఎందుకు?" అన్నాను. పాప ఏమీ అనలేదు. రెండు రోజులు మాటల్లేవు. మా ఆవిడే ఇద్దరి మధ్య కాఫీ మోసింది.

ఆ రెండు రోజులు కూర్చుని చదివాను. చదివితే తెలిసింది, తప్పు కారుది కాదు, మా పాప నడపడానిదీ కాదు. దానికున్నవి ఎండాకాలపు టైర్లు. వెచ్చటి రోడ్డు మీద బంకలా పట్టుకునే రబ్బరు, చలి 7 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుంటుంది. గట్టి చలిలో నడిపితే పగుళ్ళు కూడా రావచ్చని తయారుచేసేవాళ్ళే హెచ్చరిస్తారు. వింటర్ టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని గళ్ళల్లో సన్నటి కోతలు వందలకొద్దీ ఉంటాయి, అవి మంచుని కరుచుకుంటాయి.

నేను రైల్వేలో గుమాస్తాగా చేశానే గాని ఇంజను నడపలేదు. అయినా మేట్టుపాళయంలో పనిచేసిన వాడికి పట్టు అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఊటీ బండికి కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ళ కమ్మీ ఉంటుంది. మేమంతా తమిళంలో 'పల్ చక్కరం' అనేవాళ్ళం. అక్కడ పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎక్కాలి, ఉత్త ఇనుప చక్రం పట్టా మీద జారిపోతుంది. కింది లైన్లలో కూడా వాన రోజు చక్రం జారితే పట్టా మీద రాల్చడానికి ఇంజన్లో ఇసుక పెట్టె ఉంటుంది. ఇంజనుకి ఎంత బలం ఉన్నా చక్రం కింద పట్టు లేకపోతే అది కదలడానికీ పనికిరాదు, ఆగడానికీ పనికిరాదు. ఇంత తెలిసీ కారు అమ్మమన్నాను.

మూడో రోజు పాప దగ్గర కూర్చుని, "అమ్మక్కర్లేదులే. టైర్లు చూద్దాం" అన్నాను.

ఆటవా ఊరి పక్కనే నది. ఆ ఒడ్డు కెబెక్ రాష్ట్రం, ఈ ఒడ్డు ఒంటారియో. ఆ ఒడ్డున రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టం. ఈ ఒడ్డున మన ఇష్టం. ఒకటే మంచు రెండు ఒడ్ల మీదా పడుతుంది. ఒంటారియోలో ఉన్నదల్లా, 2016 నుంచి ఇన్సూరెన్సు కంపెనీలు వింటర్ టైర్లు వేసినవాళ్ళకు తగ్గింపు ఇవ్వాలన్న నియమం.

మొదట పాప డబ్బు మిగల్చాలని చూసింది. "తోసేవి వెనక చక్రాలే కదా, రెండే కొందాం" అంది. కదలడానికైతే రెండు చాలు. ఆగడానికీ తిరగడానికీ ముందు చక్రాలు కావాలి. నాలుగూ వెయ్యాల్సిందే. తర్వాత ఎవరో వాడిన నాలుగు టైర్లు అమ్ముతున్నారని చూపించింది, కొత్తవాటి ధరలో మూడో వంతే. వెళ్ళి చూశాం. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు, ఆ గుర్తు ఉంది. అది ఉంటేనే నిజమైన వింటర్ టైరు, ఉత్త ఎం, ఎస్ అక్షరాలు చాలవు. కాని పక్కన నాలుగు అంకెలున్నాయి, 3814 అని. 2014లో 38వ వారం చేసినవని అర్థం. తేదీలు చూడటమే జీవితమంతా నా పని. గళ్ళ లోతు కొలిస్తే 4 మిల్లీమీటర్లు. అంత అరిగినవి మంచులో వాడొద్దని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. వద్దని వచ్చేశాం.

కొలత దగ్గర ఇంకో లెక్క. కారుకున్నవి 215/40 ఆర్ 18. అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. అదే కారు చిన్న మోడలుకి కంపెనీయే 17 అంగుళాల రిమ్ముతో 215/45 ఇస్తుంది. కాగితం మీద వేసి చూశాను. చక్రం మొత్తం ఎత్తులో తేడా 4 మిల్లీమీటర్లే, స్పీడు ముల్లుకి ఇబ్బంది లేదు. గోడ మాత్రం 86 నుంచి 97కి పెరుగుతుంది. మంచు కింద దాగిన గుంటలో పడితే ఆ గోడే రిమ్ముని కాపాడుతుంది. ధరా తక్కువే. చిన్న రిమ్ము కొనేముందు బ్రేకులకు తగలకుండా పడుతుందో లేదో షాపువాణ్ణి అడగాలి.

చివరికి రెండు రకాలు మిగిలాయి. ఒకటి స్పోర్ట్స్ కార్లకని చేసేది. స్టీరింగు చురుగ్గా ఉంటుంది, వేగం గుర్తు వీ, అంటే 240 కిలోమీటర్లు. రెండోది మంచుకీ ఐసుకీ చేసేది. కాస్త మెత్తగా తూలుతుంది, గుర్తు టీ, 190. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. కారు తనది, డబ్బు తనది. పాప చాలాసేపు చూసి, "నాకు డ్యూటీ పొద్దున ఆరింటికి. మంచు ఎత్తే బండి అప్పటికి మా వీధికి రాదు" అని రెండోదే తీసుకుంది.

షాపులో రెండు గంటలు కూర్చున్నాం. అక్కడ నేను ఒక మాట చెప్పాను, ఇరవై ఏళ్ళకు పైగా దాచింది. పాపకు ఐదేళ్ళప్పుడు నా స్కూటరు ముందు నిలబెట్టుకుని వానలో వస్తూ పడేశాను. దాని గడ్డం కింద ఇప్పటికీ మచ్చ ఉంది. రోడ్డు మీద ఇసుక అని ఇంట్లో చెప్పాను. ఇసుకా లేదు, గిసుకా లేదు. వెనక టైరు బోడిగా అరిగిపోయి ఉంది. దీపావళి బోనసు వచ్చాక మారుద్దామని మూడు నెలలు వాయిదా వేశాను.

పాప నవ్వింది. "అమ్మ ఎప్పుడో చెప్పింది నైనా. ఆ టైరు అమ్మ కూడా చూసిందిగా" అంది.

డిసెంబరులో మోకాలి లోతు మంచు పడింది. మర్నాడు పాప నన్ను ఒక ఖాళీ పార్కింగుకి తీసుకెళ్ళి, కావాలనే బ్రేకు గట్టిగా తొక్కింది. కారు కొంచెం గునిసి ఆగింది. నా గుండె కూడా కుదుటపడింది. "వెనక సీటులో బియ్యం పెట్టి తొక్కనా?" అంది.

మీకు చెప్పేది ఇంతే. మొదటి మంచు పడ్డాక షాపుల్లో రెండు వారాలు తేదీ దొరకదు, అక్టోబరులోనే అడగమనండి. చక్రాలు మార్చాక వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్ళీ బిగించుకోమనండి. చలికి గాలి తగ్గుతుంది, నెలకోసారి చూసుకోమనండి. ఇక మీ పిల్లలు కారు కొన్నామని ఫోన్ చేస్తే రంగూ ధరా తర్వాత అడగండి. ముందు టైర్లు ఏవని అడగండి. నాలాగా అమ్మెయ్ అని మాత్రం అనకండి.